తలకొరివి పెట్టిన మరిదికి ఆస్తి వస్తుందా?

ప్రశ్న: మావారు నిరుడు గుండెపోటుతో చనిపోయారు. వీలునామా రాయలేదు. మాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా బడిలో చదువుతున్నారు. ఆయన సొంత సంపాదనతో కొన్న ఇల్లు, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, ఒక జీవిత బీమా పాలసీ ఉన్నాయి. డిపాజిట్, పాలసీ పెళ్లికి ముందువి కావడంతో రెండింటికీ మా అత్తగారే నామినీ. మామగారు లేరు. ‘అన్నకు కొడుకులు లేరు, తలకొరివి పెట్టింది నేను, కాబట్టి వారసుణ్ణి నేనే’ అంటున్నాడు మా మరిది. ఏవో కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంటున్నాడు. డిపాజిట్ డబ్బు నామినీకే ఇస్తామని బ్యాంకువాళ్లు చెప్పారు. నాకూ పిల్లలకూ ఏమీ రాదా? – ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఆ కాగితాల మీద సంతకం పెట్టకండి. మిగతా విషయాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

తలకొరివి పెట్టినంత మాత్రాన ఎవరూ వారసులు కారు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన పురుషుడి ఆస్తి ముందుగా మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి ఆ తరగతిలోని వారే. తమ్ముడు రెండో తరగతిలో వస్తాడు. మొదటి తరగతిలో ఒక్కరు బతికి ఉన్నా రెండో తరగతివారికి పైసా రాదు. కొడుకు లేని ఇంట్లో ఆస్తి అన్నదమ్ములకు పోతుందన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. దాన్ని నమ్మి ఎందరో ఆడపిల్లలు హక్కు వదులుకుంటున్నారు. మీ పిల్లల విషయంలో అలా జరగనివ్వకండి.

మీ ఇంట్లో వారసులు నలుగురు: మీరు, ఇద్దరు కూతుళ్లు, అత్తగారు. తలా నాలుగో వంతు. అత్తగారి వాటా నిజమైన వాటా, దాన్ని మీరు కాదనలేరు. అది ఆమె సొంతం, ఇష్టమైనవారికి వీలునామా రాసుకోవచ్చు. రాయకుండా కాలం చేస్తే మాత్రం ఆ వాటాలో మీ మరిదితో పాటు మీ పిల్లలకూ, చనిపోయిన కొడుకు బిడ్డలుగా, హక్కు ఉంటుంది.

బ్యాంకువాళ్లు చెప్పింది సగమే నిజం. డబ్బు ఎవరి చేతికివ్వాలో తెలిసేందుకు బ్యాంకు నామినీ పేరు తీసుకుంటుంది. నామినీకి చెల్లించగానే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. కానీ ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న అక్కడితో తీరదు. బ్యాంకు ఖాతాలో నామినీకి దక్కేది డబ్బు తీసుకునే హక్కే తప్ప యాజమాన్యం కాదని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. కంపెనీ షేర్ల విషయంలోనూ 2023 డిసెంబరులో ఇదే తీరుగా తీర్పు ఇచ్చింది. అంటే అత్తగారు డిపాజిట్ తీసుకున్నా, మూడొంతులు మీకూ పిల్లలకూ లెక్క చెప్పి ఇవ్వాల్సిందే.

ఇక్కడ చాలామంది ఒకచోట దెబ్బతింటారు. ‘నామినీకి ఇవ్వొద్దు’ అని బ్యాంకుకు అర్జీ రాసి, పని అయిపోయిందనుకుంటారు. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం ప్రకారం మూడో వ్యక్తి నోటీసును బ్యాంకు పట్టించుకోనక్కర్లేదు. కోర్టు ఉత్తర్వు చూపితేనే ఆగుతుంది. అందుకే సివిల్ కోర్టులో భాగపంపకాల దావా వేసి, అది తేలేదాకా డిపాజిట్ చెల్లించకుండా తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరండి. అత్తగారు సామరస్యానికి వస్తే దావా అక్కర్లేదు. నలుగురి వాటాలూ రాసుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించుకోవచ్చు.

బీమా పాలసీ విషయంలో మీకు పూర్తి భరోసా ఇవ్వలేను. బీమా డబ్బుకు కూడా నామినీ కేవలం తీసుకునే వ్యక్తేనని సుప్రీంకోర్టు 1983లో చెప్పింది. కానీ 2015లో బీమా చట్టాన్ని సవరించారు. నామినీ పాలసీదారు తల్లి, తండ్రి, భార్య, భర్త లేదా సంతానం అయితే ఆ డబ్బుకు లబ్ధిదారు వారేనని ఆ సవరణ చెబుతోంది. దాని వల్ల వారసుల హక్కు పోతుందా అన్న దానిపై హైకోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు. దావాలో పాలసీని కూడా చేర్చండి, కానీ ఆ సొమ్ము చేతికొచ్చినట్టే లెక్కేసుకుని పిల్లల చదువుకు ఏర్పాట్లు చేసుకోకండి.

ఇంట్లో పిల్లల వాటా గురించి ఇంకో మాట. తండ్రి లేరు కనుక వారికి సహజ సంరక్షకురాలు మీరే. అయినా మైనర్ల వాటాను అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా కోర్టు అనుమతి తప్పనిసరి. మరిది తెచ్చిన కాగితాల్లో హక్కు విడుదల దస్తావేజు, అంటే వాటా వదులుకుంటున్నామని రాసిచ్చే పత్రం, ఉండవచ్చని నా అనుమానం. పిల్లల తరఫున అలాంటి దానిపై సంతకం చేస్తే రేపు వాళ్లే కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందుగా తెచ్చుకోండి. రెండో దాంట్లో మీ ఇద్దరు కూతుళ్ల పేర్లూ ఉన్నాయో లేదో సరిచూసుకోండి. అది కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చెప్పే పత్రమే, వాటాల తగాదాను తేల్చదు. లాయరు ఫీజుకు భయపడకండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. డిపాజిట్ డబ్బు చేతులు మారకముందే, ఈ వారంలోనే వెళ్లండి.