టాండీ కంపెనీ పాత పోర్టబుల్ కంప్యూటర్ మోడల్ 100కి డిస్క్ డ్రైవ్ తగిలించినా ఫైళ్లు ఎందుకు కనిపించట్లేదు?

మోటార్ చప్పుడు వస్తోంది, ఫైళ్లు మాత్రం రావట్లేదు అంటున్నారు కాబట్టి నా అనుమానమంతా బెల్టు మీదే. టాండీ మొదటి పోర్టబుల్ డ్రైవ్‌లో డిస్కును తిప్పేది రబ్బరు బెల్టు, ఇన్నేళ్లకి అది జిగురులా కరిగిపోయి మోటార్ ఒక్కటే తిరుగుతూ ఉంటుంది, డిస్కు కదలదు. విప్పి, ఆ జిగురంతా ఓపిగ్గా తుడిచి (చేతులు నల్లబడతాయి, తప్పదు) కొత్త బెల్టు వేయండి.

కేబుల్ ఆ డ్రైవ్‌దే వాడండి, మామూలు సీరియల్ కేబుల్ పనిచేయదు. ఇంకోటి, 1983 నాటి ఆ మోడల్ 100 రామ్‌లో (మెమరీలో) డ్రైవ్‌ని నడిపే డిస్క్ ప్రోగ్రామ్ ఉందా అసలు? కంప్యూటర్ లోపలి బ్యాకప్ బ్యాటరీ చచ్చిపోతే అదీ చెరిగిపోతుంది, మళ్లీ ఎక్కించాలి. డిస్కు డబుల్ డెన్సిటీదే పెట్టండి, ఎక్కువ డేటా పట్టే హైడెన్సిటీది వద్దు.