వేరుశనగపప్పులో కొలెస్ట్రాల్ ఉంటుందా?

వేరుశనగపప్పులో లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. దానిని అధికంగా తయారు చేసుకునేది జంతువుల శరీరమే కనుక మాంసం, గుడ్లు, పాల పదార్థాల ద్వారానే మనకు అందుతుంది. జంతువుల కణాలలో కొలెస్ట్రాల్ చేసే పనిని మొక్కల కణాలలో ఫైటోస్టెరాల్స్ అనే వేరే పదార్థాలు చేస్తాయి. ఇడ్లీలోకి 30 గ్రాముల పల్లీలను దోరగా వేయించి, పచ్చిమిరపకాయలు, చింతపండు చేర్చి రుబ్బిన పచ్చడిలో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు, 170 కేలరీలు ఉంటాయి. పోపు నేతితో పెడితే వచ్చే కాస్త కొలెస్ట్రాల్ నేతిదే తప్ప పల్లీలది కాదు. కొవ్వునూ కొలెస్ట్రాల్‌నూ ఒకటిగా భావించడమే పల్లీలలో కొలెస్ట్రాల్ ఉంటుందన్న అపోహకు మూలం. 100 గ్రాముల పప్పులో దాదాపు 49 గ్రాముల కొవ్వు ఉన్న మాట నిజమే గాని, అందులో అధికభాగం గుండెకు మేలైనదిగా భావించే అసంతృప్త కొవ్వు. నూనె ప్యాకెట్లపై గొప్పగా అచ్చువేసే 'కొలెస్ట్రాల్ రహితం' అన్న మాట మొక్కల నుంచి తీసిన ఏ వంటనూనెకైనా వర్తించేదే.