కొట్టు మూసి సముద్రం చదవాలంటే

తమ్ముడూ, కొట్టు వదిలి నాలాగే తీరప్రాంత పర్యావరణం చదువుతానని రాసిన మీ ఉత్తరంలో సిలబస్ మీద ఆరు ప్రశ్నలున్నాయి, డబ్బు మీద ఒక్కటీ లేదు. నేనూ అచ్చం అలాగే బయల్దేరాను.

నెల్లూరులో పదిహేడేళ్లు రొయ్యల మేత అమ్మి, 43వ ఏట తీరప్రాంత పర్యావరణ నిర్వహణలో పీజీ అంటూ చెన్నై వచ్చాను. మూడు గంటల రైలు, ఇదేం పరాయి దేశం అనుకున్నా. సముద్రం చదివేవాడు సముద్రం పక్కనే ఉండాలని తిరువాన్మియూర్‌లో పది నెలల అడ్వాన్సు కట్టి ఇల్లు తీసుకున్నా. ఏడాది తిరిగేసరికి ఏసీ బయటి యూనిట్ ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలింది. ఖాళీ చేసేటప్పుడు ఆ తుప్పుకూ, గోడల రంగుకూ కలిపి అడ్వాన్సులో కోసుకున్నారు.

అంతకన్నా పెద్ద తప్పు, రైతుల దగ్గర నిలిచిపోయిన బాకీలను రాబడిగా రాసుకోవడం. కొట్లో కూర్చుని అడిగినప్పుడే రాని బాకీ, ఊరొదిలాక వస్తుందా? రెండో సెమిస్టర్ ఫీజుకు మా ఆవిడ గాజులు బ్యాంకుకెళ్లాయి. ఆ మాట ఇప్పటికీ భోజనాల దగ్గర వస్తూనే ఉంటుంది.

చదువంటారా, అది నడుస్తుంది లెండి. సెడిమెంట్ బడ్జెట్, అంటే ఒడ్డుకు ఇసుక ఎంత వచ్చింది, ఎంత పోయింది అనే లెక్క, అనగానే కుర్రాళ్లు బిక్కమొహాలేశారు గానీ నాకది మన జమాఖర్చే. ఇక్కడి తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. చెన్నై రేవు గోడలు దానికి అడ్డుపడ్డాయి. దక్షిణాన సరుకు పేరుకుని మెరీనా అంత వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు సరుకందక ఒడ్డు కోసుకుపోయి రాళ్లగోడలు కట్టాల్సి వచ్చింది.

అలాగని మన వ్యాపార బుద్ధి అన్నిచోట్లా పనికిరాదు. మొదటి ఫీల్డ్‌వర్క్‌లో కాసిమేడు చేపల రేవుకు వెళ్లి, పుస్తకం తెరిచి, వంజరం చేప కిలో ఎంతకు పోతోందని మొదలుపెట్టాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే తెలుగులో, "మీరెంతకు కొంటారు సార్?" అన్నాడు. ఆ పూట సర్వే అంతటితో సరి.

తీరం పక్కన ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పే సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్లు 1991, 2011, 2019వి మూడూ తెచ్చుకుని చదవండి. అర్హతలూ ఫీజులూ యూనివర్సిటీ సైట్లో ఉంటాయి, వాటికి నేనెందుకు?

కొట్టు తాళం మీ తమ్ముడి చేతికిచ్చే ముందే, పిల్లల ఫీజులతో సహా రెండేళ్ల ఇంటి ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడేయండి. దానిపైన ఇంకో ఎనిమిది నెలలది. పట్టా చేతికొచ్చాక నాకు ఉద్యోగం దొరకడానికి పట్టింది అంతే మరి. తలనెరిసినవాణ్ణి జూనియర్‌గా పెట్టుకోవడానికి వాళ్లకీ మొహమాటమే. ఇప్పుడు పర్యావరణ ప్రభావ నివేదికలు రాస్తూ గాజులు విడిపించాననుకోండి, అది వేరే సంగతి.

ఇల్లు చూడబోయినప్పుడు హాలూ బాల్కనీ తర్వాత. ముందు కిటికీ ఊచ గోరుతో గీకండి. ఎర్రపొడి అంటుకుంటే అడ్వాన్సు జేబులోంచి తీయకండి.