మావాడు కెర్నల్ అంటున్నాడు, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అబ్బాయి సీఎస్ఈ మూడో ఏడాది. తోటివాళ్లు విశాఖ వెళ్లి ఫుల్ స్టాక్ కోర్సులు చేస్తుంటే, వీడు నెల రోజులుగా లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ డ్రైవర్‌లో డెడ్‌లాక్ సరిచేస్తానని కూర్చున్నాడు. దీంతో ఉద్యోగం వస్తుందా?
- ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వస్తుందండీ. కాకపోతే శ్రీకాకుళంలో కాదు, క్యాంపస్‌కు వచ్చి వందలమందిని తీసుకునే కంపెనీల్లోనూ కాదు. బెంగళూరు, హైదరాబాద్‌లలోని స్టోరేజ్, చిప్ కంపెనీలకు ఇలాంటివాళ్లు కావాలి. పోస్టులు తక్కువే, పోటీకి వచ్చేవాళ్లూ తక్కువే.

మీవాడు చేస్తున్నదేమిటో చెబుతాను. లైనక్స్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్, దాని గుండెకాయే కెర్నల్. డ్రైవర్ అంటే డిస్కులాంటి పరికరాన్ని నడిపే కోడ్. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా వాడుకోవడం. ప్రత్యేక కార్డు లేకుండా ఆ పని లైనక్సే చేసుకుంటుంది. ఆ డ్రైవర్ పేరు ఎండీ. డెడ్‌లాక్ అంటారా, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, అదే సంగతి. మెమరీ నిండింది. ఖాళీ చేయాలంటే అందులోని డేటాను డిస్కుకు రాయాలి. రాయడానికి డ్రైవర్‌కు కాస్త మెమరీ కావాలి. అది దొరికేదాకా డ్రైవర్ ఆగుతుంది, డ్రైవర్ కదిలేదాకా మెమరీ ఆగుతుంది. మెమరీ అడిగేటప్పుడే ‘నాకోసం డిస్కు జోలికి పోవద్దు’ అని చెప్పే జీఎఫ్‌పీ నోఐఓ అనే గుర్తు అందుకే ఉంది. ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా కోడ్‌లో తాళాలు (లాక్‌లు) వేస్తారు. అలాంటి రెండు తాళాలను ఇద్దరు చెరో వరసలో పట్టుకున్నా ఇలాగే బిగుసుకుపోతుంది. ఆ వరస తప్పడాన్ని లాక్‌డెప్ అనే పరికరం ముందే పసిగడుతుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు ‘డెడ్‌లాక్ పోయింది సార్’ అన్నాడు. చూస్తే, ఒక టాస్క్ 120 సెకన్లకు మించి కదలకపోతే కెర్నల్ లాగ్‌లో పడే హెచ్చరికనే ఆపేశాడు. సిస్టమ్ మాత్రం అలాగే బిగుసుకుని ఉంది! కాబట్టి మీవాణ్ణి ఒక్కటే అడగండి: ఎవరు ఎవరికోసం ఆగారో పది వాక్యాల్లో రాయగలడా? ప్యాచ్, అంటే కోడ్‌లో చేసిన సవరణ, లైనక్స్ చూసేవాళ్లకు పంపేటప్పుడు రాయాల్సింది అదే, ఇంటర్వ్యూలో అడిగేదీ అదే. రాయగలిగితే ప్యాచ్ తిరిగొచ్చినా నష్టం లేదు. మొదటిసారే తీసుకోవడం అరుదు.

సప్లీలుంటే ముందు అవి రాయమనండి, అందులో మొహమాటం వద్దు. ప్రయోగాలకు నాలుగు డిస్కులు కొనిమ్మంటే కొనకండి. ఫైళ్లనే డిస్కుల్లా చూపించే లూప్ డివైస్‌లు చాలు. ర్యామ్ అడిగితే మాత్రం వేయించండి.