ఆసుపత్రి అంటే వణికిపోతున్న కుక్క, నిద్రమాత్ర వేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. రెండేళ్ల క్రితం వీధిలో దొరికిన కుక్కపిల్లని తెచ్చి పెంచుకుంటున్నాం, పేరు చిట్టి. ఇంట్లో బంగారం లాంటిది, కానీ ఆసుపత్రికి అని ఆటో ఎక్కిస్తే చాలు వణుకు, చొంగ. లోపలికెళ్తే కుర్చీ కింద దూరి బయటికి రాదు. పోయినసారి టీకా వేసేటప్పుడు కాంపౌండర్ మీదకి గుర్రుమంది, పట్టుకున్న మావారి చేతికి పన్ను గీసుకుంది. జులైలో మళ్లీ రేబిస్ టీకా ఉంది. మా అత్తగారి నిద్రమాత్ర సగం వేసి తీసుకెళ్దాం అంటున్నారు మావారు. వేయొచ్చా?

జవాబు: వద్దమ్మా. ముందు ఆ మాత్రలు మళ్లీ అత్తగారి మందుల డబ్బాలో పెట్టేయండి. మనుషులకి నిద్ర పట్టించే మందు కొన్ని కుక్కల్లో రివర్స్ అయ్యి ఇంకా రెచ్చగొడుతుంది, పైగా కుక్క బరువుకి ఎంత డోసు అనేది అందాజాగా సగం విరిచి తేల్చే లెక్క కాదు. ఇంకోటి, మీవారి చేతికి పన్ను గీసుకుంది అన్నారు, అప్పుడు సబ్బుతో నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కి చూపించుకున్నారా? టీకా వేసిన కుక్కైనా, సొంత కుక్కైనా సరే, చూపించుకోకపోతే ఇవాళే వెళ్లమనండి.

ఇక చిట్టి సంగతి. అది మొండితనం కాదు, పొగరు అసలే కాదు, ఒట్టి భయం. ఈసారి టేబుల్ మీద నుంచి దించాక ఆ స్టీలు మీద చూడండి, నాలుగు తడి పాదాల గుర్తులు ఉంటాయి, కుక్కకి చెమట పట్టేది ఎక్కువగా అరికాళ్లకే. గుర్రుమనడానికి చాలాసేపటి ముందే అది చెప్తూనే ఉంటుంది, మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం. మనం అవి పట్టించుకోం, గుర్రుమన్నాక మాత్రం ఒక్కటి వేస్తాం. అలా కొడితే గుర్రుమనడం మానేస్తుంది గానీ భయం పోదు, ఈసారి వార్నింగ్ లేకుండా డైరెక్ట్‌గా కరుస్తుంది.

మీకు దాదాపు నెల టైం ఉంది, అది చాలు. చిట్టికి భయం మొదలయ్యేది ఆసుపత్రిలో కాదు, ఆటోలో. ఆటో అంటే సూదే అని దానికి ఫిక్స్ అయిపోయింది. అందుకే వారానికి రెండుసార్లు ఊరికే ఆటో ఎక్కించి ఏ పార్కుకో తీసుకెళ్లి తిప్పి తెచ్చేయండి. అలా ఓ వారం అయ్యాక ఆసుపత్రి దాకా వెళ్లండి, మీ డాక్టర్‌కి ముందే ఫోన్ చేసి చెప్తే ఏమీ అనుకోరు, గుమ్మం దగ్గర నాలుగు చికెన్ ముక్కలు పెట్టి వెనక్కి వచ్చేయండి. ఇంకోసారి లోపలికెళ్లి బరువు చూసే మిషన్ ఎక్కించండి, ముక్క పెట్టండి, వచ్చేయండి. సూది లేదు, టేబుల్ లేదు. ఉప్పూ కారం ఉల్లిపాయా లేకుండా ఉడకబెట్టిన చికెన్ అండీ, కూరలోది కడిగి పెట్టడం కాదు, ఉల్లి వెల్లుల్లి కుక్కలకి విషం.

మూతికి గుడ్డ కట్టేసి పని కానిచ్చే పద్ధతి నాకు నచ్చదు. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ఎక్కువగా రొప్పడం వల్లే, మన ఎండల్లో నోరు కట్టేస్తే ఊపిరాడక ఇంకా గింజుకుంటుంది. నోరు తెరవడానికి వీలుండే బుట్ట టైపు మజిల్, అంటే మూతి తొడుగు, దొరుకుతుంది, అది కొనండి. కొన్న రోజే తొడిగేయకండి, రోజూ దాని లోపల కాస్త పెరుగు పూసి ముందు పెట్టండి, మూతి అదే లోపల పెట్టి నాక్కుంటుంది, పది రోజులకి మజిల్ చూస్తే తోక ఊపుతుంది. మజిల్ వేస్తే కుక్క పరువు పోతుందనుకునే వాళ్లుంటారు, పట్టించుకోకండి, కాంపౌండర్ చేతులు కూడా చేతులే కదా.

టీకా రోజు పొద్దున ఫుల్లుగా తిండి పెట్టకండి, ఆటోలో వాంతి చేసుకోదు, ముక్కలకి ఆశ కూడా ఉంటుంది. రద్దీ లేని టైం అడిగి వెళ్లండి, మీ టర్న్ వచ్చేదాకా బయట చెట్టు కిందే ఉండండి. ఇంట్లో అది పడుకునే పట్టా ఒకటి తీసుకెళ్లి టేబుల్ మీద పరవండి, కాళ్లు జారకపోతే సగం భయం తగ్గుతుంది. అసలు కింద నేల మీదే టీకా వేయమని అడగండి, చాలామంది డాక్టర్లు వేస్తారు. వేస్తున్నంతసేపూ ముందు నుంచి మీరు పెరుగు నాకిస్తూ ఉండండి. భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుంది అంటారు చాలామంది, అది తప్పు, నిమరండి, మెల్లగా మాట్లాడండి, ఏం కాదు. జులై 6న జూనోసిస్ డేకి, అంటే జంతువుల నుంచి మనుషులకి అంటుకునే జబ్బుల దినానికి, పెట్టే ఫ్రీ టీకా క్యాంపులు మంచివే, కానీ ఇరవై కుక్కలు మొరిగే లైన్లోకి చిట్టిని మాత్రం తీసుకెళ్లకండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే మందులున్నాయి, అందులో నామోషీ ఏం లేదు. గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి చిట్టిని చూసి, బరువు తూచి మీ డాక్టరే రాస్తారు, మామూలుగా బయల్దేరడానికి రెండు గంటల ముందు వేస్తారు. ముందు ఒకరోజు ఇంట్లో వేసి ఎలా ఉందో చూడాలి. మనుషుల గాబాపెంటిన్ సిరప్ మాత్రం మెడికల్ షాపులో మీ అంతట మీరు కొనకండి, కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి కలుపుతారు, అది కుక్కకి ప్రమాదం. ఏస్‌ప్రొమజిన్ అనే మత్తుమందు ఒక్కటే వేసి తెమ్మంటే కూడా ఇంకోసారి అడగండి, దాంతో ఒళ్లు మత్తుగా పడుంటుంది గానీ లోపల భయం అలాగే ఉంటుంది.

ఒక్క డౌట్. చిట్టి మొదట్నుంచీ ఇలాగేనా, లేక ఈమధ్యే మొదలైందా? ఈమధ్యే అయితే చెవి పోటో, నడుం నొప్పో ఉందేమో చూడమనండి, నొప్పి ఉన్న కుక్క ముట్టుకుంటే గుర్రుమంటుంది. అన్నీ చేసి వెళ్లినా ఆ రోజు మరీ వణుకుతుంటే బలవంతంగా పట్టుకుని వేయించకండి, టీకా మానేయొద్దు గానీ డాక్టర్‌ని అడిగి నాలుగైదు రోజుల్లో మందు వేసి మళ్లీ తీసుకెళ్లండి.