ఒక్క టెస్టే చూడండి, ఐదు రోజులూ చూడండి, నాన్నగారిని తీసుకెళ్ళండి

మీరు అడిగింది ఇది: "బెంగళూరులో ఉద్యోగం. నాన్నగారికి 62 ఏళ్ళు, క్రికెట్ అంటే ప్రాణం. ఇండియా టీమ్ విదేశీ టూర్ ఒకటి దగ్గరుండి చూపించాలని ఉంది. ఏ దేశం, ఎన్ని మ్యాచ్‌లు, ఎంత ఖర్చు? అంత డబ్బు పెట్టడం సబబేనా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి."

వెళ్ళొచ్చినవాణ్ణే, చెప్తాను. 2024లో ఇండియా, ఆస్ట్రేలియా ఆడిన మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టు (క్రిస్మస్ మర్నాడు, డిసెంబర్ 26న మొదలయ్యేది) ఐదు రోజులూ స్టేడియంలో కూర్చుని చూశాను. కాకపోతే స్నేహితుడితో వెళ్ళాను, నాన్నని తీసుకెళ్ళలేదు. మీ ప్రశ్న చూడగానే ఇంత పొడుగు రాయాలనిపించింది అందుకే.

మాది అనంతపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాను. ఆస్ట్రేలియా టూర్ వచ్చిందంటే మా ఇంట్లో తెల్లవారుజామున 5 గంటలకి టీవీ ఆన్ అవుతుంది. మెల్‌బోర్న్, సిడ్నీ టెస్టులు మన టైములో 5కే మొదలు. డిసెంబర్ చలికి దుప్పటి కప్పుకుని, పక్క ఫ్లాటువాళ్ళ నిద్ర చెడకుండా సౌండ్ తగ్గించి చూస్తాం. ఏడింటికి లంచ్ ఇస్తారు. కిందికెళ్ళి దర్శినిలో ఇడ్లీ వడ తిని కాఫీ తాగి వచ్చేసరికి ఆట మళ్ళీ మొదలవుతుంది. అక్కడ అనంతపురంలో నాన్న కూడా అదే టైముకి లేచి కూర్చుని ఉంటాడు. వికెట్ పడితే ఫోన్ మోగుతుంది. 2021 జనవరి 11న సిడ్నీలో విహారి తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో, అశ్విన్ నడుము నొప్పితో 128 బంతులు ఆడి 39తో నిలబడి మ్యాచ్ డ్రా చేశారు కదా, ఆ పూట నాన్నా నేనూ ఫోన్ పెట్టేయలేదు. మాట్లాడుకోనూ లేదు. అవతల ఆయన ఊపిరి, టీవీలో కామెంటరీ, అంతే వినపడేవి.

ఆయనకి మెల్‌బోర్న్ అంటే 1981. అప్పుడు ఇంటర్ చదువుతున్నాడట. షార్ట్ వేవ్‌లో రేడియో ఆస్ట్రేలియా పట్టుకుని ఆ ఏడాది మెల్‌బోర్న్ టెస్టు విన్నాడు. తొలి ఇన్నింగ్స్‌లో మన బెంగళూరు విశ్వనాథ్ 114, చివర్లో 143 కొట్టాల్సిన ఆస్ట్రేలియా 83కే ఆలౌట్, కపిల్ దేవ్‌కి 28 పరుగులకి 5 వికెట్లు. స్టేషన్ మధ్యమధ్యలో జారిపోతుంటే రేడియోని కిటికీ ఊచకి ఆనించి పట్టుకున్నానని ఇప్పటికీ చెప్తాడు. ఆ గ్రౌండ్ చూడాలని ఆయనకి 43 ఏళ్ళ కోరిక. చూసింది నేను.

సరే, మీ ప్రశ్నకి వస్తాను.

మొదటి మాట, సిరీస్ అంతా తిరగాలని పెట్టుకోకండి. మనవాళ్ళు చాలామంది రెండు ఊళ్ళలో రెండేసి రోజుల టికెట్లు కొని, మిగతా రోజులు ఊరు చూడ్డానికి పెట్టుకుంటారు. నాతో వచ్చిన స్నేహితుడూ అలాగే చేశాడు. మెల్‌బోర్న్‌లో మొదటి రెండు రోజులు చూసి మూడో రోజు పొద్దున సిడ్నీ ఫ్లైట్ ఎక్కాడు. అప్పటికి ఆస్ట్రేలియా 474 కొట్టింది, మనం 5 వికెట్లకి 164. ఇంక చూడ్డానికేముంది అనుకున్నాడు, తప్పు పట్టలేం. ఆ మూడో రోజే, డిసెంబర్ 28, నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు. టెస్టులో ఏ రోజు ఏం జరుగుతుందో టికెట్ కొనేటప్పుడు ఎవరికీ తెలియదు. అందుకే ఒక్క టెస్టు ఎంచుకుని ఐదు రోజులకీ టికెట్లు కొనండి అంటున్నాను. మొత్తం ఖర్చులో టికెట్ల వాటా చిన్నదే. నాకు ఐదు రోజులకీ కలిపి 15 వేల లోపే అయింది. విమానానికి అయినదాంట్లో ఆరో వంతు కూడా కాదు.

మ్యాచ్ త్వరగా అయిపోతే ఎలా అని మీకు సందేహం రావచ్చు. వస్తుంది, నిజమే. 2024 జనవరిలో కేప్‌టౌన్ టెస్టు రెండు రోజుల్లోపే ముగిసింది, మొత్తం 642 బంతులే పడ్డాయి. పిచ్ చూసి ఊరు ఎంచుకోవడం అందుకే ముఖ్యం. పెద్దాయనతో వెళ్తున్నారు కాబట్టి నేనైతే మెల్‌బోర్నే అంటాను. స్టేడియం ఊరి నడిబొడ్డున ఉంటుంది, ట్రామ్ దిగి నడిచిపోవచ్చు, సీట్లు చాలా ఎక్కువ. పైగా డిసెంబర్ చివరి వారం బెంగళూరులో చాలా కంపెనీలు మూసేస్తారు, సెలవుల గొడవ తక్కువ. ఇంగ్లండ్‌లో లార్డ్స్ టికెట్లు లాటరీలో తగలాలి. డబ్బు మరీ ఇబ్బంది అయితే శ్రీలంక ఉంది. అక్కడి గాలే ఊళ్ళో కోట గోడ మీద నుంచి గ్రౌండ్ కనపడుతుంది, మనకి దగ్గర కూడా.

నాకైన ఖర్చు: జులైలో బుక్ చేస్తే సింగపూర్ మీదుగా రానూపోనూ 92 వేలు. అక్టోబర్ దాటితే క్రిస్మస్ వారానికి రేట్లు ముట్టుకోలేం. విజిటర్ వీసా ఫీజు 2024లో 195 ఆస్ట్రేలియన్ డాలర్లు, అప్పటి రేటుకి దాదాపు 11 వేలు. వీసా అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. జీతం స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, కంపెనీ నుంచి సెలవు లెటర్ పెట్టాను. నాన్నగారి ఖర్చు మీరే పెట్టుకుంటున్నారు కాబట్టి ఆయన అప్లికేషన్‌లో మీ కాగితాలు కూడా జతచేయండి, ఊళ్ళో ఇల్లూ పొలం ఉంటే వాటి పత్రాలు కూడా. ఇద్దరికీ ఇన్సూరెన్స్ తప్పనిసరిగా తీసుకోండి, ఆయన వాడే మందులకి డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి. నేను మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా పెద్దమ్మ కూతురింట్లో దిగాను, గది ఖర్చు లేదు. అన్నీ కలిపి లక్షా నలభై వేలు దాటలేదు. గది తీసుకుంటే ఇద్దరికీ కలిపి నాలుగు లక్షల దగ్గర లెక్కేసుకోండి. టార్నీట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎక్కువ, బస్సు స్టాపులో తెలుగు వినపడుతుంది. బంధువులో ఊరివాళ్ళో ఎవరైనా ఉంటే మొహమాటపడకుండా అడగండి. మా బావగారైతే రోజూ పొద్దున స్టేషన్ దాకా దింపేవారు.

ఒక జాగ్రత్త. మీరు 24వ తేదీకే చేరుకోండి. నేను 25న దిగాను, క్రిస్మస్ రోజు దుకాణాలన్నీ మూత. ఆ రోజు రైళ్ళు, ట్రాములు ఉచితం గానీ తిండి దొరకదు. ఇంకోటి, ఊరగాయ, పొడులు తీసుకెళ్తే విమానంలో ఇచ్చే ఫారంలో రాయండి. రాసి చూపిస్తే చూసి చెప్తారు, దాచితే జరిమానా వేస్తారు. స్టేడియంలోకి ఇంటి తిండి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలూ, కూల్‌డ్రింకు టిన్నులూ తప్ప. అక్క రోజూ పులిహోర, పెరుగన్నం కట్టిచ్చింది. మధ్యాహ్నం ఎండ మాత్రం మన ఎండలా ఉండదు. చెమట పట్టదు, చర్మం కాలుతుంది. క్రీమ్, టోపీ లేకుండా ఒక్క గంట కూడా కూర్చోనివ్వకండి.

ఇప్పుడు ఆ మూడో రోజు సంగతి. మీరడిగిన "సబబేనా"కి నా దగ్గరున్న జవాబు అదొక్కటే.

పొద్దునే పంత్, తర్వాత జడేజా పోయారు. 7 వికెట్లకి 221. ఫాలో ఆన్ (200 పరుగులు వెనకబడితే వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) తప్పాలంటే ఇంకో 54 కావాలి. నితీశ్, వాషింగ్టన్ సుందర్ ఆడుతున్నారు. టీవీలో చూస్తే బంతి, బ్యాటు, స్కోరు. అక్కడ కూర్చుంటే బంతికీ బంతికీ మధ్య టైము కనపడుతుంది. ఓవర్ అయిపోగానే ఇద్దరూ నడుచుకుంటూ వచ్చి మధ్యలో ఒక మాట అనుకుని గ్లవ్స్ తాకించి వెళ్ళిపోవడం, వాళ్ళ స్పిన్నర్ లయన్ బౌలింగ్‌కి వచ్చినప్పుడల్లా ఫీల్డర్లు ఒక్కో అడుగు ముందుకి జరగడం. ఆ రోజు నితీశ్ సిక్స్ కొడితే కాదు, ముందుకాలు చాచి డిఫెన్స్ ఆడితే మా వరుస చప్పట్లు కొట్టింది. ఫాలో ఆన్ తప్పింది. వాన పడింది. టవల్ నెత్తిమీద వేసుకుని పులిహోర తిన్నాం. మళ్ళీ మొదలైంది. ఇద్దరూ కలిసి 127 పరుగులు జోడించాక సుందర్ సరిగ్గా 50 దగ్గర అవుటయ్యాడు. బుమ్రా సున్నా. తొమ్మిదో వికెట్. నితీశ్ 99 మీద అవతలి ఎండ్‌లో ఉన్నాడు.

ఆఖరి బ్యాటర్ సిరాజ్ వచ్చాడు. ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి.

ఎనభై వేలమంది ఉన్న చోట అంత నిశ్శబ్దం ఉంటుందని నేననుకోలేదు. మా వెనక ఎవరో ఆడమనిషి గొంతు, అచ్చంగా మన తెలుగు: "సిరాజ్ అన్నా, ఆపితే చాలు అన్నా, ఆపితే చాలు." మొదటి బంతి ఆపాడు. అరుపు లేచి మళ్ళీ ఆగిపోయింది. రెండోది. మూడో బంతికి బ్యాటు నిటారుగా పెట్టి బంతిని కాళ్ళ దగ్గర పడేశాడు. డిఫెన్స్‌కి అంత హోరు ఇక ఎక్కడా వినను. మా ముందు కూర్చున్న ఆస్ట్రేలియన్ పెద్దాయన పొద్దుట్నుంచి పుస్తకంలో పెన్సిల్‌తో ప్రతి బంతీ స్కోరు రాసుకుంటున్నాడు. ఆయన కూడా పెన్సిల్ పుస్తకంలో పెట్టి లేచి నిలబడ్డాడు. తర్వాతి ఓవర్లో బోలాండ్ వేసిన బంతిని నితీశ్ మిడాన్ మీదుగా లేపాడు. ఫోర్. 21 ఏళ్ళ విశాఖపట్నం కుర్రాడు మోకాలి మీద కూర్చుని, బ్యాటు నేలకి గుచ్చి, పిడికి హెల్మెట్ తగిలించాడు.

అప్పుడు పెద్ద స్క్రీన్ మీద వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డి గారిని చూపించారు. చేతులు జోడించి ఏడుస్తున్నాడాయన. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని కౌగలించుకుంటున్నారు. మా వరుసలో ఏడవనివాడు లేడు. నేను నాన్నకి ఫోన్ చేశాను. నెట్‌వర్క్ దొరకలేదు. మూడుసార్లు చేశాను. తర్వాత దొరికింది. ఆయన "చూస్తా ఉండా రా" అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. 2021లో లాగానే ఇద్దరం ఫోన్ పట్టుకుని ఉండిపోయాం. కాకపోతే ఈసారి నేను గ్రౌండ్‌లో, ఆయన టీవీ ముందు. నా పక్క సీటు ఖాళీ, సిడ్నీ వెళ్ళిన నా స్నేహితుడు మొదటి రెండు రోజులూ కూర్చున్న చోటు. అది చూసినకొద్దీ నాన్న అక్కడ ఉండాల్సిందని గుండె పట్టేసింది. డబ్బు చాలదని, మోకాళ్ళ నొప్పులని, మళ్ళీ చూద్దాంలే అని నేనే ఆగాను. ఆయన అడగనే లేదు. అడిగే మనిషి కాదు.

ఐదో రోజు ఓడిపోయాం. 340 కొట్టాలి, టీ విరామానికి 3 వికెట్లకి 112. డ్రా అయిపోతుందనే అనుకున్నాం. జైస్వాల్ 84 దగ్గర థర్డ్ అంపైర్ తీర్పుకి వెళ్ళిపోయాడు, 155కి అంతా అయిపోయింది. 184 పరుగుల తేడా. ఐదు రోజుల్లో కలిపి 3,73,691 మంది వచ్చారని స్క్రీన్ మీద వేశారు. బ్రాడ్‌మన్ ఆడిన 1937 నాటి రికార్డు పోయింది. ఓడినా మనవాళ్ళు వెంటనే లేవలేదు. ట్రామ్ దాకా నడుస్తూ తెలియనివాళ్ళతో బుమ్రా గురించి మాట్లాడుకుంటూ వెళ్ళాం. ఓటమి చూడాల్సి వచ్చిందన్న బాధ ఉంది గానీ, వెళ్ళానే అన్న బాధ ఒక్క నిమిషం కూడా లేదు.

నాన్నగారి మోకాళ్ళ గురించి మీరు రాయలేదు. నొప్పులుంటే కింది అంతస్తులో, మెట్ల వరస పక్కనే సీటు తీసుకోండి. మధ్యాహ్నం నీడ పడే వైపు ఏదో స్టేడియం మ్యాపులో చూసి బుక్ చేయండి. గేటు దగ్గర తొందర లేకుండా ఆట మొదలయ్యే గంట ముందే చేరండి.

మా నాన్న పాస్‌పోర్టు పోయిన నెల వచ్చింది. ఆస్ట్రేలియాకి మనవాళ్ళు మళ్ళీ ఎప్పుడు వెళ్తే అప్పుడు ఇద్దరం. ఆయన అడిగింది ఒక్కటే, లోపలికి చిన్న రేడియో తీసుకెళ్ళనిస్తారా అని. తీసుకెళ్ళనిస్తారు. మా ముందు వరస పెద్దాయన ఐదు రోజులూ చెవిలో పెట్టుకునే స్కోరు రాశాడు.