బొటనవేలంత స్వీడిష్ కూజాకి అంత ధర ఎందుకంటే

"1950ల నాటి స్వీడిష్ స్టోన్‌వేర్ (బాగా వేడిలో కాల్చి రాయిలా గట్టిపరిచిన మట్టి) కూజాలు, బొటనవేలంత ఉన్నవి కూడా, వేల క్రోనర్లు పలుకుతున్నాయి. వాటిలో అంత ఏముంది?" అని అడిగారు.

నేను స్టాక్‌హోమ్‌కి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఒక నవంబరు సాయంత్రం చలికి తట్టుకోలేక ఒక వేలంపాట గదిలో దూరాను. మర్నాటి పాటకి పెట్టిన వస్తువులను చేత్తో పట్టుకుని చూడనిస్తారు. అక్కడి పెద్దాయన, స్వీడన్ కుండల కళాకారుడు బెర్న్ట్ ఫ్రీబెర్గ్ చేసిన ఓ బుల్లి కూజా నా అరచేతిలో పెట్టాడు. చిటికెన వేలంత ఎత్తు కూడా లేదు. మూతిలో ఓ బియ్యపుగింజ పడితే గొప్ప. గోధుమరంగు మీద కుందేలు బొచ్చులాంటి సన్నటి చారలు కిందికి దిగుతున్నాయి. "అడుగు చూడు" అన్నాడు. తిప్పాను. గ్లేజు, అంటే మట్టి మీద పూసే గాజులాంటి పూత, కిందికొచ్చేసరికి చిక్కబడి, అడుగుకి వెంట్రుకవాసి పైన ఆగిపోయింది!

దాదాపు 1,300 డిగ్రీల వేడిలో గ్లేజు తేనెలా కారుతుంది. ఇంకాస్త జారితే బట్టీలో పలకకి అతుక్కుని కూజా దక్కదు. జారకపోతే ఆ చారలే రావు. మీరు డబ్బిచ్చేది ఆ వెంట్రుకవాసికే.

అందరూ డిజైనర్ ఎవరని అడుగుతారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్రీబెర్గ్ 1934లో గుస్తావ్స్‌బెర్గ్ ఫ్యాక్టరీలో చేరి, పదేళ్ళు కుమ్మరి సారె ముందు కూర్చుని అక్కడి డిజైనర్ విల్హెల్మ్ కోగె గీసిన ఆకారాలు తీశాడు. సొంత పని మొదలుపెట్టింది 1944లో, అప్పటికి నలభై దాటాయి. సారె తిప్పిన చేతిని మించిన డిజైన్ లేదు, ఎవరేమన్నా సరే.

ఆన్‌లైన్లో కొంటే మాత్రం జాగ్రత్త. పది ఫొటోలు పెడతారు, అడుగు ఒక్కదాంట్లోనూ ఉండదు. ఒకసారి అలాగే తెప్పించుకున్నాను. కుండ కొనేటప్పుడు చూసినట్టు వేలితో కొట్టి చూస్తే చచ్చు మోత, లోపల సన్నటి బీట. అప్పట్నుంచి మట్టిలో గీసిన సంతకం, పక్కన గుస్తావ్స్‌బెర్గ్ స్టూడియో వారి చెయ్యి బొమ్మ కనబడందే కొనను.

మన ఊరగాయ జాడీ కూడా స్టోన్‌వేరే. పింగాణీ అని పిలుస్తాం కానీ కాదు. ఆ మట్టి వేడికి గట్టిపడి బిగుసుకుపోతుంది కాబట్టే ఏడాదంతా ఉప్పూ పులుపూ దాన్నేమీ చెయ్యలేవు. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో ఉన్నా, దాని గ్లేజు ఎక్కడ ఆగిందో నేను ఎప్పుడూ చూడలేదు. ఏప్రిల్లో ఇంటికి వెళ్తున్నాను. కొత్త ఆవకాయ పెట్టేలోపు అమ్మ జాడీ బోర్లించి చూడాలి.